వాటర్ ప్లాంటు పెట్టిస్తే సీఎస్‌ఆర్ అయిపోయినట్టేనా? విదేశీ గనుల్లో రూల్స్ ఎలా ఉంటాయి?

బీటలగోడ
మా ఊరు పల్నాడులో, సున్నపురాయి గనికి కూతవేటు దూరం. కంపెనీ పేరు చెప్పను, గొడవెందుకు. వాళ్లు ఊళ్లో వాటర్ ప్లాంటు పెట్టించారు, బడికి బెంచీలు ఇచ్చారు, బస్ షెల్టర్ కట్టి దాని నెత్తిన ఇంత బోర్డు తగిలించారు. ఇదంతా సీఎస్‌ఆర్ అట, అంటే కంపెనీల సామాజిక బాధ్యత. కాదనను, ఆ నీళ్లే తాగుతున్నాం. కానీ బ్లాస్టింగ్ జరిగినప్పుడల్లా వంటింట్లో గ్లాసులు గలగలమంటాయి. పడమటి గోడకి పైనుంచి కింద దాకా బీట పడింది. అడుగుదామని ఆఫీసుకి వెళితే అక్కడాయన "మీ ఊరికి సీఎస్‌ఆర్ కింద ఎంత చేశామో తెలుసా అమ్మా" అని ఫొటోల ఆల్బమ్ తీశాడు. నేను గోడ గురించి అడిగితే ఆయన ట్యాంకు చూపిస్తాడు!

మా మేనమామ కొడుకు ఆస్ట్రేలియా గనుల్లో పని చేస్తాడు. "ఇక్కడైతే ఇలా కుదరదు, ఇంటర్నేషనల్ స్టాండర్డ్స్ ఉంటాయి" అని ఫోన్లో ఒకటే గొప్పలు. నిజంగా ఉన్నాయా? ఉంటే వాటిలో నా గోడ లాంటి వాటికి చోటుందా?

లెక్కల_రాజు
ఇలాంటి కంపెనీలకే లెక్కలు చూస్తుంటాను కాబట్టి చెబుతున్నా. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్, 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్‌ఆర్‌కి పెట్టాలి. చదువు, వైద్యం, మంచినీళ్లు, ఇలా ఒక జాబితా ఉంది. వ్యాపారంలో భాగంగా చేసే పనులు అందులోకి రావు. మీ గోడ సంగతి గని నడిపే ఖర్చు కిందకి వస్తుంది, సీఎస్‌ఆర్ కిందకి రాదు.

అనుమానం_పక్షి
అంటే గోడ పగలగొట్టడం వ్యాపారం, ట్యాంకు కట్టడం బాధ్యత. భలే.

లెక్కల_రాజు
వెటకారం బాగుంది గానీ, రెండూ వేర్వేరు ఖాతాలని నేను చెప్పింది ఆమెకే పనికొస్తుంది. ట్యాంకు చూపించి గోడ బాకీ కొట్టేసుకోవడానికి వీల్లేదన్నమాట.

పెర్త్_పుల్లయ్య
పశ్చిమ ఆస్ట్రేలియాలో పిల్బరా ఇనుప గనుల్లో తొమ్మిదేళ్లుగా ఉన్నా. రెండు వారాలు సైటు, ఒక వారం ఇల్లు. మీ బావ చెప్పింది సగం నిజం.

ఇక్కడ సీఎస్‌ఆర్ మాట ఎత్తితే 2 శాతం ఎవరికీ గుర్తు రాదు. లాభంలో ఎంత పంచావని కాదు, ఆ లాభం ఎలా తెచ్చావని అడుగుతారు. నేల ఎవరిది, వాళ్లు ఒప్పుకున్నారా, నీళ్లు ఎక్కడివి, తవ్విన మట్టి ఎక్కడ పోస్తున్నావు, గని మూసే రోజున గుంతకి ఎవరు దిక్కు. పెద్ద గని కంపెనీలు 2001లో ఐసీఎమ్‌ఎమ్ అని సంఘం పెట్టుకుని, 2003లో పది సూత్రాలు రాసుకున్నాయి. ఆఫీసు లండన్లో. ప్రపంచ బ్యాంకు గ్రూపులో ఉండే ఐఎఫ్‌సీ అప్పు కావాలంటే దాని పెర్ఫార్మెన్స్ స్టాండర్డ్స్ ఒప్పుకోవాలి. 2006లో వచ్చాయి, 2012లో సవరించారు. ఈక్వేటర్ ప్రిన్సిపుల్స్ అని 2003లో మొదలుపెట్టిన ప్రైవేటు బ్యాంకులు కూడా ఇప్పుడు వాటినే చూస్తాయి.

గోడకి చోటుందా అని అడిగారు. ఉంది. ఐఎఫ్‌సీ మొదటి స్టాండర్డ్‌లోనే, ప్రాజెక్టు వల్ల ఇబ్బంది పడేవాళ్ల ఫిర్యాదులు తీసుకునే ఏర్పాటు ఉండాలని రాశారు. 2011 నాటి ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రాల్లో కూడా ఉంది. ఎవరికి ఇవ్వాలి, సుమారు ఎన్నాళ్లలో జవాబు వస్తుంది అన్నది ఊరివాళ్లకి ముందే తెలిసి ఉండాలి. ఆల్బమ్ చూపించడం ఆ ఏర్పాటు కిందకి రాదు.

మిర్చిబజ్జీ
ఐసీఎమ్‌ఎమ్, ఐఎఫ్‌సీ... విజయవాడలో కోచింగ్ సెంటర్ల వీధిలో నడుస్తున్నట్టుంది.

అనుమానం_పక్షి
పుల్లయ్య గారూ, పిల్బరా అన్నారు కాబట్టి అడుగుతున్నా. జూకన్ గోర్జ్ మీ పక్కనే కదా? ఐసీఎమ్‌ఎమ్ సభ్యుడైన రియో టింటోనే కదా దాన్ని పేల్చింది? పది సూత్రాలు ఆ రోజు సెలవులో ఉన్నాయా?

పెర్త్_పుల్లయ్య
సగం నిజం అన్నది అందుకే.

తెలియని వాళ్ల కోసం. 2020 మే 24న ఇనుప ఖనిజం కోసం రియో టింటో అక్కడి రాతి గుహలను పేల్చేసింది. 46,000 ఏళ్ల కిందటే మనుషులు ఆ గుహల్లో తలదాచుకున్న ఆనవాళ్లు ఉన్నాయి. ఆ నేల పూటు కుంటి కుర్రమ, పినికూర అనే ఆదివాసులది. 2014లో చేసిన తవ్వకాల్లో మనిషి వెంట్రుకలతో అల్లిన తాడు ముక్క దొరికింది. 4,000 ఏళ్ల నాటిది. డీఎన్ఏ చూస్తే ఇప్పుడు బతికున్న ఆ జనంతో కలిసింది. అంటే ముత్తాతల ముత్తాతల జుట్టు.

ఇంతా చేసి ఆ పేలుడు చట్టం ప్రకారం నేరం కాదు. పశ్చిమ ఆస్ట్రేలియా 1972 వారసత్వ చట్టంలో 18వ సెక్షన్ కింద 2013లోనే అనుమతి వచ్చింది. ఆ మరుసటి ఏడాదే అసలు విలువ బయటపడింది, కానీ ఒకసారి వచ్చిన అనుమతిని మళ్లీ తిరగేసే దారి ఆ చట్టంలో అప్పట్లో లేదు. చేతిలో కాగితం ఉంది, పేల్చారు.

ముందు ఆగస్టులో బోనస్ కోతతో సరిపెట్టబోయారు. పెన్షన్ ఫండ్ల లాంటి వాటాదారులు ఊరుకోలేదు. సెప్టెంబరులో సీఈవో జాక్ గారూ, ఇంకో ఇద్దరు పెద్దలూ దిగిపోతారని ప్రకటించారు. పార్లమెంటు కమిటీ విచారించి ఇచ్చిన మధ్యంతర నివేదిక పేరే "ఇంకెప్పుడూ వద్దు" అని. మా సైటులో ఆ తర్వాత మార్పు కళ్లారా చూశాను. పాత అనుమతులన్నీ బయటికి తీసి మళ్లీ చూశారు. సర్వే వాళ్లు ముగ్గు పోసినట్టు రిబ్బన్లు కట్టిన చోటికి డంపర్ డ్రైవర్ కూడా వెళ్లడు.

మన్యం_వకీలు
పుల్లయ్య గారు చెప్పినదాంట్లో ముఖ్యం "చేతిలో కాగితం ఉంది" అన్న ముక్క. చట్టం ఒప్పుకుంది కాబట్టి తప్పు కాదు అనే వాదన పనికిరాదనే ఈ స్టాండర్డ్స్ అన్నీ పుట్టాయి. చట్టం ఎక్కడ ఆగిపోతుందో అక్కడి నుంచి వీటి పని. కానీ మన దగ్గర తిరగేసి, 2 శాతాన్నే చట్టంలో పెట్టి, మిగతాదంతా మర్యాదకి వదిలేశాం.

బొగ్గుబాయి_రిటైర్డ్
32 ఏండ్లు బాయిల పని చేసిన. ఓవర్‌మెన్‌గా దిగిన. మాకు స్టాండర్డు అంటే ఒకటే, షిఫ్ట్ మొదలు కాంగనే పైకప్పు కొట్టి చూసుడు. గలగల మోగితే ఎవర్నీ లోపలికి పంపొద్దు. రిపోర్టు ఎంత మంచిగ రాసినా కప్పు ఆగది.

టెయిలింగ్స్_టీచరు
బొగ్గుబాయి గారి మాట మా పిల్లలకి క్లాసులో చెబుతా. కప్పు కొట్టి చూడకుండా రిపోర్టు రాస్తే ఏమవుతుందో బ్రుమాజీన్యో చూపించింది.

ఖనిజం తీసేసాక మిగిలే బురదని టెయిలింగ్స్ అంటాం. దాన్ని కట్టలు వేసి నిలవ చేస్తారు. చవక పద్ధతి ఏమిటంటే, నిండే కొద్దీ తర్వాతి కట్టని లోపలివైపు, సగం ఆరిన బురద మీదే లేపుతూ పోవడం. అన్నం కుండ మీద కుండ పేర్చినట్టు కాదు, గంజి మీద కుండ పెట్టినట్టు. లోపల నీరు చేరితే గట్టిగా కనిపించేది ఒక్క క్షణంలో ద్రవం అయిపోతుంది.

2019 జనవరి 25న బ్రెజిల్లోని మినాస్ జెరాయిస్ రాష్ట్రం, బ్రుమాజీన్యో దగ్గర వాలే కంపెనీ ఇనుప గని కట్ట అలాగే జారింది. ఎత్తు 86 మీటర్లు. అప్పటికి అందులో కొత్తగా బురద పోయడం లేదు కూడా. సమయం మధ్యాహ్నం పన్నెండున్నర, భోజనాల వేళ. క్యాంటీనూ ఆఫీసూ సరిగ్గా కట్టకి దిగువనే. సైరన్ మోగలేదు. 270 మంది పోయారు. ఇద్దరు గర్భిణుల కడుపులో బిడ్డలనూ కలిపి అక్కడి కుటుంబాలు 272 అంటాయి. అంతకు కొన్ని నెలల ముందే టూవ్ జ్యూడ్ అనే జర్మన్ సంస్థ బ్రెజిల్ శాఖ ఆ కట్ట నిలకడగా ఉందని పత్రం ఇచ్చింది.

అదే రాష్ట్రంలో అంతకు మూడేళ్ల ముందు, 2015 నవంబరు 5న, మరియానా దగ్గర కట్ట తెగి 19 మంది చనిపోయారు. వాలే, బీహెచ్‌పీ కలిసి నడిపే సామార్కో గని అది. బురద దోసి నది వెంట 600 కిలోమీటర్లకు పైగా పోయి సముద్రంలో కలిసింది. అయినా రెండోది ఆగలేదు.

బొగ్గుబాయి_రిటైర్డ్
క్యాంటీన్ కట్ట కింద పెట్టొద్దని చెప్పడానికి కూడా ఇంటర్నేషనల్ స్టాండర్డ్ కావాల్నా టీచరమ్మా? మా ఊళ్లె చెరువుకట్ట కింద గొర్లని కూడా కట్టెయ్యం.

టెయిలింగ్స్_టీచరు
కావలసి వచ్చింది మరి. 2020 ఆగస్టు 5న టెయిలింగ్స్‌కి ప్రపంచ స్టాండర్డ్ వచ్చింది. ఐసీఎమ్‌ఎమ్, ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం, పీఆర్ఐ అనే పెట్టుబడిదారుల వేదిక, ముగ్గురూ కలిసి. 15 సూత్రాలు, 77 నిబంధనలు. వాటిలో నాకు నచ్చినది, ప్రతి కట్టకీ పై స్థాయిలో ఒక అధికారి పేరు పెట్టి బాధ్యుణ్ని చేయాలి. "కన్సల్టెంటు చెప్పాడు" అని తప్పించుకోవడానికి లేదు. తెగితే ఎక్కువ ప్రాణనష్టం జరిగే కట్టలకి 2023 ఆగస్టు, మిగతావాటికి 2025 ఆగస్టు గడువు పెట్టుకున్నారు, ఐసీఎమ్‌ఎమ్ సభ్యుల వరకు.

అనుమానం_పక్షి
"సభ్యుల వరకు". సభ్యత్వం లేనివాడి కట్ట ఏ స్టాండర్డు చూసుకుని నిలబడుతుంది?

లెక్కల_రాజు
ఇక్కడ పక్షితో ఏకీభవిస్తా, అరుదుగా. ఇవన్నీ ఎక్కువ భాగం ఇష్టపూర్వకం. లండన్, సిడ్నీ షేర్ మార్కెట్లలో ఉండి, పెన్షన్ ఫండ్ల డబ్బు కావలసిన కంపెనీకి భయం ఉంటుంది. సొంత డబ్బుతో తవ్వేవాడికి, అడగని వాళ్లకి అమ్మేవాడికి ఏ భయం? ఇంకోటి, ఆడిట్లు చేసే వాళ్లకి జీతం ఎవరిస్తున్నారు? కంపెనీయే. టూవ్ జ్యూడ్ కథ అందుకే అలా అయింది. నేనూ ఆడిటర్నే, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

రాగిబెల్టు
రాజు గారూ, పూర్తిగా ఒప్పుకోను. జాంబియా రాగి గనుల్లో ఆరేళ్లు ఉన్నా. నేను పని చేసింది వేరే కంపెనీ, కానీ చింగోలా కేసు అక్కడ ప్రతి టీ కొట్టులోనూ నడిచేది. కొంకోలా కాపర్ మైన్స్ నడిపే ఎన్‌చాంగా గని వదిలిన వ్యర్థాలతో మా నీళ్లు, పొలాలు పాడయ్యాయని 1,800 మందికి పైగా ఊరివాళ్లు దాని తల్లి కంపెనీ వేదాంత మీద ఇంగ్లండులో కేసు వేశారు. "గని మా పిల్ల కంపెనీది, లండన్ ఆఫీసుకి సంబంధం లేదు, కేసు జాంబియాలోనే వేసుకోండి" అని వేదాంత వాదన. 2019 ఏప్రిల్‌లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఇంగ్లండులోనే విచారించవచ్చంది. ఎందుకో తెలుసా? తల్లి కంపెనీయే తన సస్టెయినబిలిటీ రిపోర్టుల్లో గ్రూపు గనులన్నిటి పర్యావరణం మీద మా అజమాయిషీ ఉంది అని రాసుకుంది. కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకుంది. చివరికి 2021 జనవరిలో, తప్పు ఒప్పుకోకుండానే, రాజీ చేసుకున్నారు.

కాబట్టి ఇష్టపూర్వకంగా రాసుకున్న మాటే మెడకి చుట్టుకోవచ్చు.

మిర్చిబజ్జీ
పెళ్లిచూపుల్లో చెప్పిన జీతం పెళ్లయ్యాక అడిగినట్టు.

రాగిబెల్టు
😂 సరిగ్గా అంతే.

అనుమానం_పక్షి
మెడకి చుట్టుకోనివీ ఉన్నాయి. దక్షిణాఫ్రికాలో లోన్‌మిన్ అనే ప్లాటినం కంపెనీ కార్మికులకి 5,500 ఇళ్లు కడతామని సర్కారుకి రాసిచ్చింది. కట్టినవి మూడు. అవి కూడా నమూనా ఇళ్లు. అప్పట్లో ఐఎఫ్‌సీకి ఆ కంపెనీలో వాటా ఉండేది, పుల్లయ్య గారు చెప్పిన స్టాండర్డ్స్ అన్నీ వర్తించాయి. రేకుల గుడిసెల్లో బతికే కార్మికులు జీతం పెంచమని సమ్మె చేశారు. 2012 ఆగస్టు 16న మరికానా దగ్గర పోలీసులు 34 మందిని కాల్చి చంపారు. ఫార్లం కమిషన్ విచారణలో ఈ ఇళ్ల లెక్క బయటపడింది. అంతకుముందు దాకా రిపోర్టుల్లో ఫొటోలు అందంగానే ఉండి ఉంటాయి.

పెర్త్_పుల్లయ్య
దీనికి నా దగ్గర జవాబు లేదు.

టెయిలింగ్స్_టీచరు
ఉన్నవాటిలో ఐఆర్ఎమ్ఏ, అంటే గనులు బాధ్యతగా నడుస్తున్నాయా అని ఆడిట్ చేయించే సంస్థ, కాస్త నయం అంటాను. 2006లో మొదలైంది, స్టాండర్డ్ 2018లో వచ్చింది. దాని బోర్డులో గని కంపెనీలతో పాటు కార్మిక సంఘాలు, గని పక్క ఊళ్ల ప్రతినిధులు, స్వచ్ఛంద సంస్థలు, కొనుగోలుదారులు, పెట్టుబడిదారులు కూర్చుంటారు, ఓట్లు సమానం. ఆడిట్లో ఎక్కడ తప్పారో కూడా బయట పెడతారు. రాజు గారి ప్రశ్న మాత్రం అక్కడా ఉంది, ఆడిట్ ఖర్చు గనిదే.

మన్యం_వకీలు
అందరూ లండన్, బ్రెజిల్ తిరిగారు గానీ మన ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. ఈ స్టాండర్డ్స్ చాలావాటికి ముందే, 1997 జూలైలో, మన అనంతగిరి మండలం నుంచి సమత కేసు తీర్పు వచ్చింది. బొర్రా చుట్టుపక్కల ఊళ్లలో గిరిజనుల భూముల్లో గనులకి లీజులిచ్చారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి అలా ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు కొట్టేసింది. దాంతో ఆగలేదు. అక్కడ గని నడిపితే నికర లాభంలో కనీసం 20 శాతం నీళ్లు, బళ్లు, ఆసుపత్రులు, రోడ్లకి శాశ్వత నిధిగా పక్కన పెట్టాలంది.

20కి 2కి తేడా రాజు గారు లెక్క వేస్తారు.

ఇక ఒప్పుకోవడం గురించి. ఐఎఫ్‌సీ 2012 సవరణలో ఆదివాసుల ముందస్తు, స్వేచ్ఛా సమ్మతి అనే మాట చేర్చారు. కాగితం మీద. అది నేల మీద ఎలా ఉంటుందో ఒడిశాలో, వేదాంత రిఫైనరీ కోసం బాక్సైట్ తవ్వాలనుకున్న నియమగిరి కొండల్లో చూశాం. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభలనే అడగమంది. ఆ వానాకాలంలో 12 ఊళ్లు కూర్చున్నాయి, 12కి 12 వద్దన్నాయి. లాంజీగఢ్‌లో రిఫైనరీ అప్పటికే కట్టేసి ఉంది, కొండ మాత్రం దక్కలేదు. నార్వే పెన్షన్ ఫండ్ అంతకు ఆరేళ్ల ముందే, 2007లో, వేదాంత షేర్లు వదిలించుకుంది.

లెక్కల_రాజు
20 శాతం తీర్పు ఉంది, అమలు ఎంత అని మీరే చెప్పండి వకీలు గారూ. తీర్పులూ ఒకరకం స్టాండర్డ్సే, గోడ మీద బాగుంటాయి. 2015 నుంచి గనుల వల్ల ఇబ్బంది పడే ఊళ్ల కోసం జిల్లా మినరల్ ఫౌండేషన్లు వచ్చాయి. కట్టే రాయల్టీ మీద అదనంగా, పాత లీజులైతే దానిలో 30 శాతం, వేలంలో వచ్చినవైతే 10 శాతం అందులోకి వెళ్తుంది. బీటలగోడ గారు ఆ డబ్బు వాళ్ల ఊరికి ఎంత వచ్చిందో కూడా కలెక్టరేట్లో అడగొచ్చు.

మన్యం_వకీలు
అమలు సంగతి ఎత్తి నోరు మూయించారు. సరే. కానీ తీర్పు చూపించి ఆపిన లీజులు ఉన్నాయి, వాటి లెక్క ఏ బ్యాలెన్స్ షీట్లోనూ కనబడదు.

బీటలగోడ
ఇంత రాస్తారని అనుకోలేదు. అన్నీ చదివాను, బ్రెజిల్ క్యాంటీన్ దగ్గర ఆగిపోయాను కాసేపు. నా గోడ వాటి ముందు ఎంత అనిపించింది. కానీ గోడ గోడే కదా. రేపు నేను ఏం చేయాలో ఒక్కరు చెప్పండి.

బొగ్గుబాయి_రిటైర్డ్
నేను చెప్త బిడ్డా. సన్నని గాజు పలక తీసుకో, వేలెడంత వెడల్పు. బీటకి అడ్డంగ, రెండు కొసలనీ సిమెంటుతో గోడకి అతికించు. పక్కన తారీఖు రాయి, ఫొటో తియ్యి. బీట పెరిగితే గాజు పగుల్తది. పగల్లేదంటే పాత బీటేనన్నట్టు. వాళ్లు నీ మాట నమ్మరు, గాజుని నమ్మాలె. బ్లాస్టింగ్ ఏ రోజు, ఎన్ని గంటలకు, నోటుబుక్కుల రాస్కో.

అదిగాక గనుల భద్రత చూసే డీజీఎంఎస్ 1997ల ఒక సర్క్యులర్ ఇచ్చింది. బయటోళ్ల ఇండ్ల దగ్గర కంపనం ఎంత దాటొద్దో అండ్ల ఉంది. ఫ్రీక్వెన్సీ 8 హెర్ట్జ్ కన్న తక్కువుంటే సెకనుకి 5 మిల్లీమీటర్లు. 8 నుంచి 25 దాక 10. ఆపైన 15. యంత్రం పెట్టి కొలవాలె. మా ఇంటి దగ్గర కొలిచిన కాగితం చూపెట్టుండ్రి అని అడుగు.

మన్యం_వకీలు
అడగడం నోటితో కాదు, రాతపూర్వకంగా. రెండు కాపీలు, ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. డీజీఎంఎస్ ప్రాంతీయ కార్యాలయానికి ఒక కాపీ. గని పర్యావరణ అనుమతి లేఖలో బ్లాస్టింగ్ గురించి షరతులు ఉంటాయి, ఆరు నెలలకోసారి వాటి అమలు రిపోర్టు కూడా ఇవ్వాలి. అవి బయటికి ఇవ్వాల్సిన కాగితాలే. ఉత్తరంలో సీఎస్‌ఆర్ అన్న మాట ఒక్కసారి కూడా రాయకండి. రాస్తే మళ్లీ ఆల్బమ్ తీస్తారు.

లెక్కల_రాజు
ఆ చివరి వాక్యం ఫ్రేము కట్టించుకోవాలి.

పెర్త్_పుల్లయ్య
ఆ కంపెనీకి విదేశీ బ్యాంకు అప్పు గానీ, ఐఎఫ్‌సీ డబ్బు గానీ ఉందేమో వార్షిక నివేదికలో చూడండి. ఐఎఫ్‌సీ ఉంటే సీఏవో అని వాళ్లకే ఫిర్యాదుల విభాగం ఉంది, ఊరివాళ్లు నేరుగా రాయొచ్చు. లేకపోతే ఆ దారి లేనట్టే.

బీటలగోడ
అప్‌డేట్. గాజు అతికించాను. రెండు చోట్ల, పైన ఒకటి, కింద ఒకటి. మా అత్తగారు "గోడకి కట్టు కట్టావేంటే" అని ఒకటే నవ్వు. ఉత్తరం ఇచ్చాను. తీసుకున్న కుర్రాడు ముద్ర వేయడానికి లోపలికి వెళ్లి ఇరవై నిమిషాలకి వచ్చాడు, వేశాడు. ఆల్బమ్ ఎవరూ తీయలేదు. కంపనం కాగితం అడిగితే "ఆ సారు మంగళవారం వస్తాడు" అన్నారు.

మిర్చిబజ్జీ
ఆ సారు ఏ మంగళవారమో అడిగారా?

బీటలగోడ
అడగలేదు 🤦‍♀️ రేపు బ్లాస్టింగ్ ఉందట, మధ్యాహ్నం ఒంటిగంటకి. గాజు దగ్గరే కూర్చుంటా.

బొగ్గుబాయి_రిటైర్డ్
గోడకి దూరం కూసో బిడ్డా. తర్వాత పోయి చూడు.